బేరమాడని మనిషి

మా ఆయన రోజూ సాయంత్రం బాల్కనీలో నిలబడి, గొంతు తగ్గించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడన్న సంగతి నాకన్నా ముందు కింది వాటా ఆవిడ కనిపెట్టింది. స్మృతి నగర్‌లో మేడమీద వాటా అద్దెకు తీసుకుంటే ఇదొక సదుపాయం. మన బాల్కనీ మీద మనకన్నా కిందవాళ్ళకే హక్కు ఎక్కువ.

"ఏటనుకోకు దీదీ. మాటలు ఇనబడవు గానీ మీ ఆయన నవ్వు ఇనబడతాది. ఆడమనిసితో తప్ప మగోడు అలగ నవ్వడు," అంది.

ఆడమనిషే అయివుంటే నాకింత బాధ ఉండేది కాదు. ఎదురుగా కొత్త కొట్టు తెరిస్తే ఏం చెయ్యాలో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వాళ్ళు ఏ సరుకు దించారో చూసి, అంతకన్నా మంచిది మన గుమ్మానికి వేలాడదీయాలి. కానీ నాకు పోటీ వచ్చినది యాభై దాటిన మగమనిషి. బట్టతల, పాత స్కూటరు, చొక్కా జేబు మీద ఎప్పుడూ సిరా మరక. మా ఆయన వెళ్ళే తెలుగు చర్చి అయ్యగారు. పాస్టరు మీద అసూయగా ఉందని ఎవరితో చెప్పుకుంటాం?

"చర్చి అయ్యగారితో మాట్లాడతాడు. ప్రార్థన," అన్నాను.

"ప్రార్థనలో నవ్వుతారేటి?" అంది ఆవిడ.

ఆ ప్రశ్న నేనే అడగాల్సింది.

మాకు పవర్ హౌస్ మార్కెట్‌లో మేచింగ్ కొట్టుంది. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్సులు. మా నాన్నతో పాటు శ్రీకాకుళం వైపునుంచి రైలెక్కినవాళ్ళంతా ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరితే, ఆయన మాత్రం ప్లాంటువాళ్ళ ఆడవాళ్ళకు జాకెట్టు ముక్కలు అమ్మడంలో చేరాడు. నేను బట్టల తానులు పట్టుకుని నడక నేర్చుకున్నాను. మా ఇంట్లో ఎవరూ దేన్నీ చెప్పిన ధరకు కొనరు, చెప్పిన ధరకు అమ్మరు. మొదట చెప్పేది ధర కాదు, మాట కలపడానికి ఒక వంక. ఎదుటివాళ్ళు ఏది చెప్పినా ముందు సగానికి కోసి, అక్కడినుంచి మాట్లాడాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, పాలతో పాటు వచ్చింది.

మా ఆయనది రైల్వే కుటుంబం, క్రైస్తవులు. మాది హిందువుల ఇల్లు. పెళ్ళి చర్చిలోనా గుళ్ళోనా అని రెండు వైపుల పెద్దలూ బిగదీసుకుని కూర్చుంటే బేరం కుదిర్చింది పెళ్ళికూతురే. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, రెండు చోట్లా భోజనాలు. ఇప్పటికీ మా ఇంట్లో ఫ్రిజ్ మీద బైబిలు, వంటింటి గూట్లో దీపం. దేవుళ్ళు సర్దుకుపోయారు. సర్దుకుపోనిది మందు.

మా ఆయన హథ్‌ఖోజ్‌ ఫ్యాక్టరీల పేటలో ఒక చిన్న యూనిట్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు. తాగడానికి మొదట్లో ఒక పార్టీ కావలసి వచ్చేది, తర్వాత అలసట సరిపోయింది, ఆ తర్వాత కారణం చెప్పడం మానేశాడు. నేను మొక్కుకోలేదు, పుట్టింటికి పోలేదు. నాకొచ్చిన విద్యే వాడాను. రోజూ తాగేవాణ్ణి రోజు విడిచి రోజుకు దించాను. హాఫ్ అన్నదాన్ని క్వార్టరుకు దించాను. క్వార్టరుకు ఒప్పుకున్న సాయంత్రం మా నాన్నకు ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను కూడా. ఇంట్లో తాగే క్వార్టరు నా సంతోషం కోసమనీ, తన సంతోషం దారిలోనే అయిపోయేదనీ చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒకరోజు మిషను మీద చెయ్యి వణికింది. వేలు పోవలసింది, గోరుతో సరిపోయింది. యూనిట్ యజమాని అతన్ని తీసెయ్యలేదు. "తాగుడు మాన్పించే నషా ముక్తి కేంద్రంలో చేరు. నయమై వస్తే మిషను నీదే. మళ్ళీ ఒక్కసారి తాగి కనబడ్డావా, గేటు లోపలికి రానివ్వను," అన్నాడు. అందులో తగ్గింపు ఉంటుందేమోనని నేను వెళ్ళి అడిగాను. లేదన్నాడు.

మా ఆయన ఆ కేంద్రంలో ఉన్నన్నాళ్ళూ అయ్యగారు వెళ్ళి చూసేవారు. ఇంటికొచ్చాక డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. అయ్యగారు ఒక్క మాట ఇచ్చారు. "తాగాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి. తర్వాత నీ ఇష్టం."

ఆ "తర్వాత నీ ఇష్టం" నాకు మింగుడుపడలేదు. అలా ఎవరైనా వదిలేస్తారా? అసలు ఆ మనిషి సంగతి నాకు ముందే తెలుసు. ఒకసారి చర్చిలో ప్రభువు బల్ల మీద పరచడానికి తెల్లగుడ్డ కావాలని మా కొట్టుకొచ్చారు. పద్ధతి ప్రకారం పెంచే చెప్పాను. ఆయన మారుమాట లేకుండా ఇచ్చేసి, గుడ్డ చంకలో పెట్టుకుని, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ రోజంతా నాకు ఎవరో తిట్టి పోయినట్టే ఉంది. బేరం ఆడకపోతే ఇంక కొట్టుకు రావడమెందుకు?

అలాంటి మనిషికి మా ఆయన ఫోన్ చేస్తున్నాడు. నాతో "ఏటి లేదు", "బాగానే ఉన్నాను", "కూరలో ఉప్పు చాల్లేదు" తప్ప మాట్లాడని మనిషి.

మంగళవారాలు అయ్యగారు ఇంటికొచ్చేవారు. నేను కొట్టు తొందరగా మూసి మరీ వచ్చేదాన్ని, మర్యాద కోసమని చెప్పుకుంటూ. టీ ఇచ్చి, ట్రే పట్టుకుని అక్కడే నిలబడేదాన్ని. అలా ఒక మంగళవారం ఆయన, "ఈ వారం ఎలాగుంది?" అని మా ఆయన్ని అడిగారు.

మా ఆయన మాట్లాడలేదు. అయ్యగారూ మాట్లాడలేదు. ఇద్దరూ టీ తాగుతున్నారు. కొట్లో అంతసేపు మాట లేకపోతే గిరాకీ చెయ్యి జారినట్టే. ఇంకో రంగు తియ్యాలి, పిల్లల గురించి అడగాలి, ఏదో ఒకటి చెయ్యాలి. నేను ఉండలేకపోయాను.

"బాగానే ఉన్నాడండి. తింటన్నాడు, తొంగుంటన్నాడు. కూసింత సిరాకు, అంతే. మాత్రలు నేనే ఇస్తన్నాను," అన్నాను.

"మంచిదమ్మా. అతగాడేటంటాడో కూడా ఇందాం," అన్నారు అయ్యగారు.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ ఇంట్లో మాటలు వినడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

చాలాసేపటికి మా ఆయన గొంతు వచ్చింది. "మలుపు కాడ మందు కొట్టుంది కదండి. ఆ దారిన రాలేకపోతన్నాను. రైలు గేటు మీంచి తిరిగొస్తన్నాను. గేటు పడిందంటే ఆలీసం. ఇంటికొస్తే ఎక్కడికెల్లేవని ఇది పోలీసులాగ నిలబడతాది."

"తిరిగొస్తన్నానని సెప్పొచ్చు కదా."

"సెప్తే ఏటంటాదో తెలుసా అండి?" మా ఆయన గొంతు సన్నం చేశాడు. "'దానికోసం అంత దూరం తిరగాలేటి? కళ్ళు మూసుకుని తిన్నగా వచ్చీలేవా?'"

ఇద్దరూ నవ్వారు. కింది వాటా ఆవిడ చెప్పిన నవ్వు అదే.

నాకు రెండు సంగతులు ఒకేసారి గుచ్చుకున్నాయి. నేను సరిగ్గా అలాగే అనేదాన్ని. అది మొదటిది. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయనకు నా గొంతు అంత బాగా వచ్చని నాకు తెలియదు. నా గొంతు పెట్టి పరాయి మనిషిని నవ్విస్తున్నాడు, ఆ నవ్వులో నాకు మాత్రం వాటా లేదు. ఆ రోజు అయ్యగారిని రెండో టీ కావాలా అని అడగలేదు. ఆయన గమనించినట్టు కూడా లేదు, అది ఇంకా మండింది.

మా ఆయన కాస్త నిలదొక్కుకున్నాక ఒక ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. గండం గడిచినవాళ్ళు ఆరాధనలో లేచి నిలబడి, దేవుడికీ, తోడున్నవాళ్ళకూ వందనాలు చెప్పడం వాళ్ళ పద్ధతి. నేను చర్చికి వెళ్ళడం తక్కువ. ఆ రోజు మాత్రం నెమలికంఠం రంగు చీరకు సరిగ్గా కలిసే జాకెట్టు కుట్టించుకుని, అందరికీ కనబడే వరసలో కూర్చున్నాను. నా పేరు వచ్చినప్పుడు తల ఎంత వంచాలో కూడా అద్దం ముందు చూసుకున్నాను.

మా ఆయన దేవుడికి వందనాలు చెప్పాడు. అయ్యగారికి, అమ్మగారికి చెప్పాడు. అమ్మగారంటే అయ్యగారి భార్య. డాక్టరుకు, యూనిట్ యజమానికి, కేంద్రంలో పప్పు బాగా వండిన వంటవాడికి చెప్పాడు. వానలో కూడా ఆగకుండా వచ్చిన అయ్యగారి స్కూటరుకు చెప్పాడు. అందరూ నవ్వారు. అప్పుడు, "నా కుటుంబానికి కూడా," అని కూర్చున్నాడు.

బయట ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. "అదృష్టమంతురాలివి తల్లీ. అయ్యగారు నీ ఇల్లు నిలబెట్టీసేరు," అంది. ఆ ఇంట్లో వాంతులు తుడిచిన చెయ్యి అదేనని ఆవిడకు తెలియదు పాపం.

ఇంటిదాకా ఆగలేకపోయాను. బండి మీదే మొదలుపెట్టాను.

"స్కూటరుకి వందనాలు సెప్పేవు."

"నవ్వుతారని."

"అంటే నేను స్కూటరు కన్నా కిందన్నమాట."

"కుటుంబం అన్నాను కదే."

"కుటుంబం అంటే ఎవరు? మీ అమ్మా? కింది వాటా ఆవిడా?"

ఒక ఆటోను దాటించాడు. తర్వాత ముందుకు చూస్తూనే, "నీ గురించి ఎత్తితే ఏడుపొచ్చీసును," అన్నాడు.

"అంతేటి ఏడవక్కర్లేదు," అన్నాను నేను.

మా ఆయన ఇక మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో నాకు అర్థం కాలేదు. నా లెక్కన నేను తప్పేమీ అనలేదు.

మర్నాడు సరాసరి అయ్యగారింటికి వెళ్ళాను. ఆయన వరండాలో చెప్పులు కుట్టుకుంటున్నారు.

"మా ఆయన మీతో ఏటి మాట్లాడతాడో నాకు తెలియాల," అన్నాను.

"అది నాది కాదమ్మా, నీకివ్వడానికి."

"పోనీ సగం సెప్పండి."

"సగవూ నాది కాదు."

"నా గురించి మంచి సెప్తాడా, సెడ్డ సెప్తాడా? అదొక్కటే. ఇంక అడగను."

అయ్యగారు సూది పక్కన పెట్టి, "ఇంకా ఎంతదాకా దిగుతావమ్మా?" అన్నారు.

"మీరు ఎక్కడాగితే అక్కడ."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈ మనిషి అమ్మేటప్పుడూ బేరం ఆడడు.

లోపలినుంచి అమ్మగారు వచ్చారు. తను నందిని అనే ఊరు వెళ్తున్నానని, తోడు రమ్మని అడిగారు. అక్కడ గనుల కాలనీలో మన తెలుగు కుటుంబం ఒకటుందట. సున్నపురాయి గనిలో పనిచేసే కుర్రాడు తాగుతాడు. భార్య ఎవరితోనూ నోరు విప్పదు. "మేం ఎల్తే వాక్యం సెప్తామని బయపడతాది. నువ్వు కొట్లో మనిషివి కదా, నీతో మాట్లాడతాదేమో," అన్నారు.

నేను వెంటనే ఒప్పుకున్నాను. జాలితో అంటే అబద్ధం. అయ్యగారి విద్య ఏపాటిదో తేల్చేద్దామని. మనుషుల చేత మాట్లాడించడం ఆయన ఒక్కడికే వచ్చా? రోజూ పదిమందిని లోపలికి లాగి కూర్చోబెట్టేదాన్ని నేను.

నందినిలో చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి పొడి. ఇంటి ముందు మంచం మీద అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. అమ్మగారు ఆవిడ దగ్గర కూర్చుని, నన్ను పెరట్లోకి పంపారు. ఆ పిల్ల బట్టలు ఉతుకుతోంది. ముప్పై కూడా ఉండవు. ఇక్కడే పుట్టింది, తెలుగు సగంలో ఆగి హిందీలోకి జారిపోతుంది. నేను తీసుకెళ్ళిన జాకెట్టు ముక్క ఇచ్చాను, రంగు గురించి మాట్లాడాను, పిల్లల గురించి, ఎండ గురించి మాట్లాడాను. నా దగ్గరున్న తానులన్నీ విప్పాను. ఆ పిల్ల "హా దీదీ" తప్ప ఒక్కటీ కొనలేదు. చివరికి విప్పడానికేం లేక ఊరుకున్నాను. చెయ్యి ఖాళీగా ఉంటే తోచక, తడి దుప్పటి రెండో కొస పట్టుకుని పిండాను.

దుప్పటి పిండుతూ ఆ పిల్ల చెప్పింది. "పొద్దున్న లేచి ముందు ఆయన నోరు వాసన చూస్తాను దీదీ. మంజన్ పెట్టి పళ్ళు తోమకముందే. కుక్కలాగ. నా మీద నాకే ఘిన్ వస్తాది, అసయ్యం."

నేనూ చూసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

"ఒక్కోసారి తాగీసొస్తేనే బాగుణ్ణనిపిస్తాది. తాగితే పక్కా తెలిసిపోతాది కదా. తాగని రోజు పొద్దస్తమానం డరే."

మామూలుగా నేనయితే "ఛ, అంతేటి లేదులే" అనేదాన్ని. ఆ రోజు అనలేదు. పుణ్యం కోసం కాదు. ఆ మొగుడు నావాడు కాదు, ఆ భయం నా ఇంటికి వచ్చేది కాదు. నా సరుకు కానిదానికి ధర తగ్గించాలని నాకెందుకనిపిస్తుంది? ఆ పిల్ల చెబుతూ పోయింది, నేను దుప్పటి పట్టుకుని వింటూ పోయాను. వింటూండగానే బండి మీద మా ఆయన అన్న మాట, దానికి నేనిచ్చిన జవాబు గుర్తొచ్చాయి. ఏడుపొచ్చేదన్నాడు. సగానికి కోసేశాను.

బయల్దేరేటప్పుడు అత్తగారు గుమ్మం దగ్గర నన్ను ఆపింది.

"ఏటి సెప్పిందమ్మా?"

నేను చెప్పులు తొడుక్కోబోయాను.

"నాను దానికి పురుడు పోసినదాన్ని. నాకొక్క ముక్క సెప్పదు. నువ్వు ఇయ్యాలొచ్చీవు, నీకు సెప్పీసింది." ఆవిడ చూపు నాకు బాగా పరిచయం. మంగళవారం ట్రే పట్టుకుని నిలబడ్డప్పుడు నా ముఖంలో ఉండేది అదే. "పోనీ, నా గురించి మంచి సెప్పిందా సెడ్డ సెప్పిందా? అదొక్కటి సెప్పు."

"అది నాది కాదమ్మా, మీకివ్వడానికి," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి అచ్చంగా అయ్యగారి యాసలో వచ్చింది. మా ఆయనకే కాదు, నాకూ గొంతులు వచ్చునన్నమాట. పోయి పోయి ఆయన గొంతే రావాలా అని దారంతా విసుక్కున్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన, "ఏటి సెప్పింది ఆవిడ?" అని అడిగాడు.

"సెప్పకూడదు."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

మూతి ముడుచుకుని బాల్కనీలోకి పోయాడు. నేను ఆ ముడుచుకున్న మూతిని కిటికీలోంచి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. చాలా తృప్తిగా ఉంది.

కొన్నాళ్ళకు అయ్యగారు సభల కోసం విజయనగరం వైపు రైలెక్కారు. ఆ దారి కొండల మధ్యనుంచి పోతుంది, ఫోన్ ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఆ సాయంత్రం ఇంటికి పోవలసిన మా ఆయన మా కొట్టు ముందు బండి ఆపాడు. చెప్పుల్లో కాళ్ళు సరిగా పెట్టినట్టు లేదు. గిరాకీలాగ బల్లకు ఇవతల నిలబడ్డాడు.

"అయ్యగారి ఫోన్ కలవట్లేదు," అన్నాడు.

అంటే నేను రెండో కొట్టు. మొదటి కొట్టు మూసి ఉంది కాబట్టి ఇటొచ్చాడు. ఆ సమయంలో కూడా నాకు ముందు తోచింది అదే. తర్వాత అతని చేతులు చూశాను. బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి.

స్టూలు ఇవతలికి లాగాను. కూర్చున్నాడు.

"ఇయ్యాల బాలేదే. గేటు దారి పట్టలేదు. మలుపు మీంచి తిన్నగా వచ్చీసేను. మందు కొట్టు కాడ బండాపేను."

"ఆపితే ఏటయింది, లోపలికెల్లలేదు కదా," అన్న మాట నా నాలుక చివర తయారుగా ఉంది. రేపు యూనిట్ గేటు దగ్గర ఆ యజమాని అతన్ని ఆపడం, లేతు మీద ఇంకెవడో నిలబడటం కూడా కళ్ళ ముందే ఉన్నాయి. మాట మింగాను.

అప్పుడే ఊదారంగు ముక్క పట్టుకున్న ఒకావిడ చాలాసేపటినుంచి చేస్తున్న బేరం మళ్ళీ అందుకుంది. "దీదీ, సహీ దామ్ లగావో." సరైన ధర చెప్పమంటోంది.

"మీరన్న ధరకే తీసుకెళ్ళండి," అన్నాను హిందీలో.

ఆవిడ నన్ను చూసింది. ముక్కను దీపానికి ఎత్తి పట్టి చూసింది. అంచులు లాగింది. "కపడా ఖరాబ్ తో నహీ హై నా?" అని అడిగింది. చిరుగు లేదన్నాను. నమ్మలేదు. బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాటకు ఒప్పుకున్నది అప్పుడే, గిరాకీ పోయింది.

కొట్లో మేమిద్దరమే మిగిలాం. నేను ఊదారంగు ముక్క మడతపెట్టాను. విప్పి మళ్ళీ మడతపెట్టాను. మాట్లాడకుండా ఉండటం ఇంత పని అని తెలిసివుంటే ఆ మంగళవారాలు అయ్యగారికి టీతో పాటు ఏదైనా తినడానికి కూడా పెట్టేదాన్ని.

"లోపలికెల్లీవోణ్ణే," అన్నాడు మా ఆయన చివరికి. "బండి స్టాండు కూడా ఏసీసేను. అప్పుడు నీ గొంతు ఇనబడింది. 'కళ్ళు మూసుకుని తిన్నగా వచ్చీలేవా' అని. కళ్ళు మూసుకుని బండెలాగ నడుపుతానే? నవ్వొచ్చీసింది. ఒక్కణ్ణీ నవ్వుతంటే ఆ కొట్టోడు నన్ను అదోలాగ సూసేడు. బండి తీసీసేను."

అంటూ నవ్వబోయాడు. అది సగం నవ్వు, సగం ఇంకేదో. నేను దాన్ని అలాగే ఉండనిచ్చాను. చీర చెంగు అతని చేతికిస్తే ముఖం తుడుచుకున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. అయ్యగారు. కొండలు దాటినట్టున్నారు. మా ఆయన ఫోన్ పట్టుకుని బయట మెట్ల మీదకు వెళ్ళాడు. ఎంత చెప్పినా అసలు ముక్క ఆయనకే దాచి ఉంచాడేమో. తానులు సర్దుతున్నట్టు గుమ్మం వైపు జరిగాను. చెవి పెట్టేలోపే వచ్చేశాడు.

"అప్పుడే అయిపోయిందా?"

"ఎక్కడున్నావని అడిగేరు. కొట్లో, మా ఆవిడ కాడ ఉన్నానన్నాను."

"అంటే?"

"అయితే నాతో ఏటి పని, ఫోన్ పెట్టీ అన్నారు."

ఒక్క నిమిషం చాలా బాగుంది. ఆ తర్వాత ఆ మాట కూడా ఆయనే అనాలా అనిపించింది. ఇన్నాళ్ళుగా నేను సగానికి, పావుకు అడుగుతూ వచ్చినదాన్ని ఒక్క ముక్కలో మొత్తం ఇచ్చేశారు, అదీ ఎక్కడో రైల్లో కూర్చుని. మారుబేరానికి చోటే ఇవ్వని మనిషితో ఎలా నెగ్గుతాం?

ఇద్దరం షట్టరు దించుతుంటే మా ఆయన, "ఆ ఊదారంగు ఆవిడ ఎందుకెల్లిపోయింది?" అని అడిగాడు.

"అడిగినదానికే ఇచ్చీసేను."

మా ఆయన షట్టరు వదిలేసి నవ్వాడు. తల వెనక్కి వాల్చి, బాల్కనీలో నవ్వే నవ్వు. పవర్ హౌస్ మార్కెట్‌లో ఆ గోలలో అది పక్క కొట్టుకు కూడా వినబడి ఉండదు. కింది వాటా ఆవిడ అక్కడ లేకపోవడం నాకు చాలా లోటనిపించింది.